తక్కువ ధర రెడ్ వైన్: పెట్టిన డబ్బుకి తగినదో కాదో ఎలా తేల్చాలి?

కొత్తగ్లాసు
రెండు నెలలుగా ఒక పని పెట్టుకున్నాను. తక్కువ ధరలో దొరికే రెడ్ వైన్ నాలుగు సీసాలు, వాటికి రెట్టింపు కంటే ఎక్కువ పడ్డది ఒకటి, మొత్తం ఐదు కొన్నాను. తాగిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో పదికి ఇన్ని అని మార్కులు వేస్తూ వచ్చాను. ఖరీదైనదానికి 6 వచ్చింది. అన్నిటికన్నా చవకదానికి 8. ఇంకేం, నిధి దొరికిందని దాన్నే ఇంకోటి తెచ్చాను. రెండోసారి తాగితే 5 కూడా ఎక్కువే అనిపించింది. అదే పేరు, అదే సంవత్సరం, అదే మూత.

వైన్ బాగా తెలిసిన మా బావ ఆ చవకదాని పేరు వినగానే నవ్వాడు. "అది వైన్ కాదు, వైన్ వేషం" అన్నాడు. ఖరీదైనదానికి 6 వేశానంటే ఇంకా నవ్వాడు.

నేను వేస్తున్న మార్కులు వైన్‌కా, నా మూడ్‌కా? మీరంతా ఎలా తేలుస్తారు?

మూడోగుక్క
మార్కులు వేసేటప్పుడు ధర తెలుసా?

కొత్తగ్లాసు
తెలుసు. కొన్నది నేనే కదా.

మూడోగుక్క
అయితే మార్కులు పడింది బిల్లుకి.

లెక్కలపిచ్చి
మూడోగుక్క ఒక్క ముక్కలో చెప్పేశారు, నేను కొంచెం సాగదీస్తాను. 2008లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. కాల్టెక్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఇరవై మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఐదు వైన్లు రుచి చూపించారు. నిజానికి అక్కడ ఉన్నవి మూడే. రెండింటిని రెండేసి ధరలు చెప్పి రెండేసి సార్లు ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు జనం బాగుందన్నారు. అనడమే కాదు, సుఖం కలిగినప్పుడు మెదడులో చురుగ్గా ఉండే భాగం కూడా ఎక్కువ పనిచేసింది. అంటే గొప్ప కోసం అబద్ధం చెప్పలేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపించింది.

అదే ఏడాది ఇంకో పరిశోధన వచ్చింది. ధర చెప్పకుండా ఆరు వేలకు పైగా రుచులు చూపించి మార్కులు తీసుకుంటే, మామూలు జనానికి ఖరీదైన వైన్ కొంచెం తక్కువే నచ్చింది. శిక్షణ ఉన్నవాళ్లలో మాత్రం ఖరీదుతో పాటు ఇష్టం పెరిగే మొగ్గు కనిపించింది. మీ 6, 8 మార్కులకి సిగ్గుపడక్కర్లేదు. మీ బావ నవ్వడం కూడా అబద్ధం కాకపోవచ్చు.

బిరడాపక్షం
ఈ ప్రయోగాన్ని అందరూ ఒకేవైపు వాడతారు, నాకు ఒళ్లు మండుతుంది. ధర తెలిస్తే సుఖం పెరిగింది అంటున్నారు కదా, ఆ సుఖం దొంగ సుఖం ఎలా అవుతుంది? మంచి గ్లాసులో పోస్తే బాగుంటుంది, మనసుకి దగ్గరైనవాళ్లతో తాగితే బాగుంటుంది. ధర కూడా అలాంటిదే. సీసా విలువ నోట్లో పడిన ద్రవంలో మాత్రమే లేదు.

లెక్కలపిచ్చి
సుఖం దొంగది కాదు, ఒప్పుకున్నాను. కానీ కొత్తగ్లాసు గారు అడిగింది వైన్ గురించి. ధర వల్ల వచ్చే సుఖమే కావాలంటే చవక సీసా మీద పెద్ద స్టిక్కర్ అతికించుకోవచ్చు, చాలా ఆదా.

మూడోగుక్క
స్టిక్కర్లు నా దగ్గర ఉన్నాయి, ఎన్ని కావాలి?

వగరుబాబు
ధర గొడవ పక్కన పెట్టండి. మార్కులు ఎందుకు ఊగుతాయంటే, "బాగుంది, బాగాలేదు" అని ఒకే గంపగుత్త మార్కు వేస్తాం కాబట్టి. ముక్కలు చేసి చూడండి. మన భాషలో దీనికి పెద్ద సౌకర్యం ఉంది, వగరు అనే మాట. ఎక్కువసేపు మరిగిన టీ డికాషన్ పాలు లేకుండా తాగితే చిగుళ్లు, బుగ్గల లోపలిభాగం పిడచకట్టినట్టు అవుతాయే, అదే. వైన్ వాళ్లు టానిన్ అంటారు. ద్రాక్ష తొక్క, గింజల నుంచీ, పీపా చెక్క నుంచీ వస్తుంది. చాలామంది కొత్తవాళ్లు దీన్ని చేదు అనుకుని కొట్టేస్తారు. చేదు నాలుకకి తెలుస్తుంది, వగరు నోటి గోడలకి తెలుస్తుంది.

వగరు ఉండటం లోపం కాదు. ఎలాంటి వగరు అన్నదే చూడాలి. సన్నటి ముఖమల్ గుడ్డలా రాసుకుంటూ పోతే మంచిది. పచ్చి కర్ర నమిలినట్టు గరగరలాడితే పండని ద్రాక్ష గానీ, తొక్క గింజలని మరీ పిండేయడం గానీ కారణం కావచ్చు.

తర్వాత పులుపు. గుక్క మింగాక నోట్లో నీళ్లూరాయా? ఊరితే పులుపు ఉంది, వైన్‌కి ప్రాణం ఉంది. మూడోది మంట. మింగాక గొంతు దగ్గర వేడి కొడితే ఆల్కహాల్ మిగతావాటిని మించిపోయినట్టు. ఆఖరిది నాకు అన్నిటికంటే ముఖ్యం, నిడివి. మింగిన తర్వాత మనసులో అంకెలు లెక్కపెట్టండి. చవక వైన్లు ఎక్కువ శాతం మూడో నాలుగో అంకెకల్లా ఖాళీ. పది దాటి పండు రుచి ఇంకా వినిపిస్తోందంటే, ధర ఎంతైనా సరే, ఆ సీసా మీకు బాకీ లేదు.

సాయంత్రం_ఆరు
"ఆ సీసా మీకు బాకీ లేదు" — ఇది నా ఫ్రిజ్ మీద రాసి పెడతా.

పుల్లటినిజం
వగరుబాబు గారి నిడివి సూత్రంలో చిన్న చిల్లు ఉంది. చేదు కూడా చాలాసేపు ఉంటుంది. మంట కూడా ఉంటుంది. నాకు ఒక చవక సీసా రుచి మర్నాడు ఉదయం దాకా ఉంది.

వగరుబాబు
అందుకే "పండు రుచి" అని రాశాను. మర్నాటిది నిడివి కాదు, శిక్ష.

కొత్తగ్లాసు
వగరుబాబు గారూ, ఇది చాలా పనికొచ్చింది. పాత నోట్స్ తిరగేశాను. ఖరీదైనదానికి 6 వేసినప్పుడు "నోరు ఎండిపోతోంది, పులుపు, ఇంకేం లేదు" అని రాసుకున్నాను. చవకదానికి 8 వేసినప్పుడు "మెత్తగా ఉంది, జారిపోతోంది, చాక్లెట్" అని ఉంది.

పుల్లటినిజం
ఆహా. దొరికింది. "మెత్తగా", "జారిపోతోంది". మీ చవకదాంట్లో చక్కెర ఉంది.

కొత్తగ్లాసు
లేబుల్ మీద స్వీట్ అని ఎక్కడా లేదే?

పుల్లటినిజం
ఉండదు. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది. పూర్తిగా తింటే డ్రై వైన్. ఐరోపా నియమాల్లో లీటరుకి 4 గ్రాముల వరకూ డ్రై, పులుపు తగినంత ఉంటే 9 దాకా కూడా డ్రై అనొచ్చు. బుడగలు లేని మామూలు వైన్ మీద ఆ మాట రాసి తీరాలన్న పట్టు మాత్రం లేదు. కొన్ని పేరున్న చవక రెడ్లలో లీటరుకి పది గ్రాములు దాటి చక్కెర ఉంటుంది. పలచదనాన్ని, పచ్చి వగరుని, చేదుని కప్పిపెట్టడానికి అంతకంటే సులువైన దారి లేదు. జనం దాన్ని స్మూత్ అని పిలుస్తారు. మీ బావ వేషం అన్నది దీన్నే అయ్యుంటుంది.

పరీక్ష చేయాలంటే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. పండు వాసన వల్ల తియ్యగా "అనిపించే" వైన్ అయితే ముక్కు మూయగానే తీపి మాయమవుతుంది. ముక్కు మూసినా నాలుక మీద తీపి నిలిస్తే అది చక్కెరే.

సాయంత్రం_ఆరు
చక్కెర ఉంటే తప్పేంటి? నాకు అలాంటివే ఇష్టం. పదేళ్లుగా తాగుతున్నాను. ఇప్పుడు వచ్చి అది వేషం అంటే నా పదేళ్లు నాటకమా?

పుల్లటినిజం
ఇష్టం మీది, తప్పని నేననలేదు. పోర్ట్ వైన్ నిండా చక్కెరే, దాన్ని చూసి ఎవరూ ముఖం తిప్పుకోరు. అది తీపి వైన్ అని చెప్పుకునే అమ్ముతారు. చెప్పకుండా వేసి, డ్రై వైన్ల పక్కన పెట్టి "మాది ఎంత మెత్తగా ఉందో" అంటేనే చిరాకు.

సాయంత్రం_ఆరు
చెప్పకుండా వేస్తే చిరాకు అన్నది ఒప్పుకుంటాను. తాగడం మాత్రం మానను.

బిరడాపక్షం
ఈ ఒక్క విషయంలో నేను సాయంత్రం_ఆరు పక్షం. డబ్బుకి విలువ అంటే ఎవరి నోటికి విలువ? పరీక్షలో పాసయ్యే వైన్‌కా, సీసా ఖాళీ చేసే వైన్‌కా?

వగరుబాబు
ఖాళీ సీసా కొలత నాకూ ఇష్టమే. నలుగురు కూర్చున్నప్పుడు అన్నీ ఒకేసారి తెరిచి పెట్టి, ఎవరూ ఏమీ మాట్లాడకుండా చివర్లో ఏ సీసా ముందు అడుగంటిందో చూడాలి. కాకపోతే తీపి వైన్ మొదటి గ్లాసులో గెలిచి రెండో గ్లాసులో ఓడిపోతుంది, నేను చాలాసార్లు చూశాను.

పీపాలోపల
ద్రాక్షతోటకి అనుబంధంగా ఉన్న వైనరీలో కొన్నేళ్లు పనిచేశాను, ఖర్చు వైపు నుంచి చెబుతాను. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, రవాణా. ఇవి చవక వైన్‌కీ మధ్యరకం వైన్‌కీ ఇంచుమించు ఒకటే. సీసాకి ఇంత అని పన్ను ఉన్న దేశంలో అదీ ఒకటే. ఊరికే అంకెలు అనుకుందాం. ధర పది వంతులైతే ఎనిమిది వంతులు వీటికీ దుకాణం లాభానికీ పోయాయి, లోపలి ద్రవానికి రెండు మిగిలాయి. మీరు పదిహేను వంతులు పెట్టారనుకోండి, లాభాలు శాతంగా పెరిగినా ద్రవానికి నాలుగో ఐదో వస్తాయి. ధర సగమే పెరిగింది, లోపలిది రెట్టింపో, అంతకంటే ఎక్కువో అయింది. కాబట్టి అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉన్న సీసా నిజానికి చవక కాదు. మీరు ఎక్కువగా గాజుకీ అట్టకీ డబ్బు కడుతున్నారు. దానిపై మెట్టు, ఆ పై మెట్టు, అక్కడ ఉంటుంది లాభం.

ఇంకా పైకి వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడ పెరిగేది పేరు, భూమి విలువ, కొరత.

ఇక పీపా. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం పద్ధతి ఓక్ చెక్క పీపా 225 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 300. కొత్త పీపా చాలా ఖరీదు, దాన్ని ఆ మూడు వందల సీసాల మీద పంచాలి. రెండు మూడు సార్లు వాడాక చెక్క రుచి చాలావరకు దిగిపోతుంది. కాబట్టి చవక సీసాలో గుప్పున వెనిల్లా వాసన వస్తే అది పీపా అయ్యే అవకాశం తక్కువ. ఓక్ ముక్కలనో పలకలనో ట్యాంకులో వేసి ఉంటారు. ఐరోపాలో 2006 నుంచి దానికి అనుమతి ఉంది, మోసమేం కాదు. బాగా చేస్తే బాగానే ఉంటుంది. చేతగానివాళ్లు చేస్తే వడ్రంగి కొట్టు వాసన.

మూడోగుక్క
బరువైన సీసా కొంటే ఎక్కువ గాజు వస్తుంది కదా, అదీ విలువే.

పీపాలోపల
నవ్వకండి, సీసా బరువు చూసి కొనేవాళ్లు చాలామంది. అడుగున ఉన్న లోతైన గుంట చూసి కొనేవాళ్లు కూడా. రెండింటికీ లోపలిదానితో సంబంధం లేదు. ఆ బరువు తయారీకీ రవాణాకీ ఖర్చు పెంచుతుంది, అంతే.

తలనొప్పిరాయుడు
నాకు రెడ్ తాగితే తలనొప్పి. చవకవాటిలో వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్లు ఎక్కువ పోస్తారట కదా, అందుకే అని విన్నాను.

లెక్కలపిచ్చి
ఆ లెక్క కుదరదు. ఐరోపాలో డ్రై రెడ్‌కి లీటరుకి 150 మిల్లీగ్రాములు గరిష్ఠం, డ్రై వైట్‌కి 200. సల్ఫైట్లే కారణమైతే వైట్ తాగినప్పుడు ఇంకా నొప్పి రావాలి. ద్రాక్ష తొక్కలో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థం ఆల్కహాల్ విరగడాన్ని మధ్యలో ఆపుతుందేమోనని 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ఊహ ముందుకు తెచ్చారు. అదింకా ఊహే. ప్రతిసారీ వస్తుంటే మానేయడమే మంచిది, డాక్టర్‌ని అడగండి. ఇందులో ధరకి పాత్ర లేదు.

తలనొప్పిరాయుడు
అంటే ఖరీదైనది తాగినా నొప్పే అన్నమాట. జేబుకి కూడా.

కొత్తగ్లాసు
లేబుల్ మాటల గురించి ఎవరైనా చెప్పరూ. నా ఐదింటిలో మూడింటి మీద "రిజర్వ్" అనో "రిసెర్వా" అనో ఉంది. ఒకదాని మీద "పాత తీగలు" అని ఉంది.

బిరడాపక్షం
దేశాన్ని బట్టి. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు వైన్ మీద ఆ మాట ఉంటే దానికి చట్టం ఉంది. రెడ్ క్రియాంసా అంటే కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో ఉండాలి. రిసెర్వా అంటే మొత్తం మూడేళ్లు, అందులో పీపాలో కనీసం ఏడాది. గ్రాన్ రిసెర్వాకి ఐదేళ్లు. ఎవరో వాళ్ల డబ్బుతో, వాళ్ల గోదాములో మీ కోసం అన్నేళ్లు దాచిపెట్టారు. నా దృష్టిలో రెడ్ వైన్‌లో డబ్బుకి విలువ అంటే మొదట గుర్తొచ్చేది రియోహా క్రియాంసానే. అమెరికాలో రిజర్వ్ అనే మాటకి కేంద్ర చట్టంలో అర్థమే లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. పాత తీగలు అన్నదీ అంతే, చాలా దేశాల్లో ఎన్నేళ్లకి పాత అన్నది ఎవరూ తేల్చలేదు.

వగరుబాబు
పేర్ల గందరగోళం ఇంకోటి. మాంటెపుల్చానో డబ్రుట్సో అంటే ఆ పేరుగల ద్రాక్షతో ఇటలీలోని అబ్రుట్సోలో చేసేది, సాధారణంగా చవక. వినో నోబిలే ది మాంటెపుల్చానో అంటే టస్కనీలో ఆ పేరుగల ఊరి వైన్, అందులో ముఖ్యమైన ద్రాక్ష సాంజోవేసే. నేను మొదటిదాన్ని చూసి రెండోది చవగ్గా దొరికిందనుకుని ఆరు సీసాలు మోసుకొచ్చాను. అదృష్టం కొద్దీ బాగానే ఉంది. ఈ రోజుకీ మా ఇంట్లో దాన్ని "పొరపాటు వైన్" అంటారు, ఇప్పుడు కావాలనే కొంటాను.

పుల్లటినిజం
పొరపాటు అంటే కార్మెనేర్ కథ చెప్పాలి. చిలీలో ఏళ్లతరబడి మెర్లో అనే ద్రాక్ష అనుకుని పెంచిన తీగల్లో చాలా భాగం నిజానికి కార్మెనేర్. బోర్డోలో దాదాపు కనుమరుగైపోయిన రకం. 1994లో ఫ్రెంచి నిపుణుడు బూర్సికో తోటలో చూసి గుర్తుపట్టాడు. అది మెర్లో కంటే ఆలస్యంగా పండుతుంది. రెండూ కలిపి ఒకేసారి కోస్తే కార్మెనేర్ పచ్చిగా ఉండి ఆకు వాసన కొడుతుంది. ఇప్పుడు విడిగా, ఆగి కోస్తున్నారు. తక్కువ ధరలో నిండుగా ఉండే రెడ్ కావాలంటే దాన్ని వదలొద్దు.

సాయంత్రం_ఆరు
మరి పినో నువార్? సినిమాల్లో అందరూ అదే తాగుతారు.

పీపాలోపల
తక్కువ ధరలో మంచి పినో నువార్ వెతకడం కంటే తక్కువ అద్దెకి సముద్రం కనిపించే ఇల్లు వెతకడం సులువు. పల్చటి తొక్క, గుత్తి బిగుతుగా ఉండి కుళ్లు తొందరగా పడుతుంది, చలి చోటు కావాలి, ఎక్కువ కాయిస్తే రుచి నీళ్లయిపోతుంది. ప్రతిదీ ఖర్చే. అదే గార్నాచా ద్రాక్ష అయితే ఎండకీ నీటి కొరతకీ తట్టుకుంటుంది. స్పెయిన్‌లో ముసలి గార్నాచా తోటలు బోలెడు, దానికి ఇంకా అంత గొప్ప పేరు రాలేదు కాబట్టి ధర రాలేదు. పోర్చుగల్‌లో దోరో లోయ రెడ్లు కూడా అంతే. పోర్ట్ చేసే ద్రాక్షలే, డ్రైగా చేస్తారు. నోరు తిరగని పేరు ఉన్నచోట వెతకండి. చదవడానికి కష్టమైన లేబుల్ మీద డిస్కౌంట్ ఉంటుంది.

బిరడాపక్షం
పినో విషయంలో మరీ అంత తీసిపారేయకండి. చిలీ చలి ప్రాంతాల నుంచి తాగదగ్గవి వస్తున్నాయి. ఒకటి రెండు మెట్లు పైన పెట్టగలిగితేనే అనుకోండి.

లెక్కలపిచ్చి
అందరూ ఊళ్లూ రకాలూ చెబుతున్నారు. కొత్తగ్లాసు గారికి కావాల్సింది తన నాలుక మీద నమ్మకం. గుడ్డిగా రుచి చూడండి. సీసాలకి ముసుగు వేసి, ఇంకొకరితో పోయించుకుని, ఒక వైన్‌ని చెప్పకుండా రెండుసార్లు పెట్టమనండి. మీ రెండు మార్కుల మధ్య తేడా ఎంతో అదే మీ కొలబద్ద పొరపాటు. రెండు మార్కుల తేడా వస్తే, ఆ తర్వాత 6 కీ 8 కీ తేడా ఉందని వాదించకూడదు.

నిపుణులు కూడా ఏం తక్కువ తినలేదు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోంచి మూడుసార్లు పోసి ఇచ్చారు, 2008లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసింది పది మందిలో ఒకరు.

బిరడాపక్షం
ముసుగు రుచి వల్ల మంచి కూడా జరిగింది లెండి. 1976లో పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కళ్లకి లేబుల్ కనపడకుండా రుచి చూసి కాలిఫోర్నియా రెడ్‌ని బోర్డో దిగ్గజాల పైన నిలబెట్టారు. స్టాగ్స్ లీప్ అనే వైనరీది, 1973 పంట.

మూడోగుక్క
ముసుగుకి మేజోళ్లు వాడండి. సరిగ్గా సరిపోతాయి. ఉతికినవి.

కొత్తగ్లాసు
వారం తర్వాత వచ్చాను. చేశాం. ఐదు వైన్లూ కొత్తగా కొన్నాను, మా బావని కూడా పిలిచాను. పోసే పని మా అక్కది, తను తాగదు. ఆరు గ్లాసులు, ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు, ఒక వైన్ రెండుసార్లు. ఉమ్మడానికి బకెట్ పెట్టాం. మొదట్లో అందరికీ మొహమాటం, నాలుగో గ్లాసుకి పోటీ. ఒక మేజోడుకి చిల్లు ఉండి లేబుల్ మూల కనపడింది, మా అక్క తిట్టుకుంటూ ఇంకోటి తొడిగింది.

నేను రెండుసార్లు వచ్చిన వైన్‌కి ఒకసారి 7, ఒకసారి 5 వేశాను. లెక్కలపిచ్చి గారూ, నా కొలబద్ద పరువు పోయింది. మా బావ అదే వైన్‌కి 8, 4 వేశాడు. ఆయన ముఖం చూడాల్సింది.

వగరుబాబు
ఏ వరసలో వచ్చాయి? రెండుసార్లూ ముందు గ్లాసు ఏది?

కొత్తగ్లాసు
ఆగండి, అక్క రాసిన కాగితం చూస్తాను. 7 వేసినప్పుడు అదే మొదటి గ్లాసు. 5 వేసినప్పుడు దాని ముందు వచ్చింది నా పాత "8" చవకది.

పుల్లటినిజం
అదీ సంగతి! తీపి తర్వాత ఏ డ్రై వైన్ తాగినా పుల్లగా, పలచగా, కర్రలా ఉంటుంది. మీ నోటిది తప్పు కాదు, వరసది. మొదట ఖరీదైనదానికి 6 వేసినప్పుడు కూడా ముందు చవకది తాగారా?

కొత్తగ్లాసు
నోట్‌బుక్ చూశాను. అదే రోజు, అదే సాయంత్రం. చవకది పూర్తి చేసి ఖరీదైనది తెరిచాను.

మూడోగుక్క
రెండు నెలల కేసు కొట్టివేత.

కొత్తగ్లాసు
ఇంకా ఉంది. ముక్కు మూసుకుని తాగాను. చవకదాంట్లో తీపి అలాగే నిలిచింది. మిగతా నాలుగింటిలో పోయింది. ఇక అది రెండోసారి 5 ఎందుకయిందంటే, ఆ రోజు ఉక్కపోత, సీసా బల్ల మీదే ఉంది. వెచ్చగా ఉంటే తీపి, మంట రెండూ మొహం మొత్తాయి.

పీపాలోపల
ఇది ముఖ్యం. రెడ్ వైన్ గది వేడిలో తాగాలనే మాట చల్లటి ఇళ్లున్న కాలం నాటిది. 16 నుంచి 18 డిగ్రీలు చాలు, గామే ద్రాక్షతో చేసేవాటి లాంటి తేలికవి ఇంకా తక్కువ. తాగే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే చవక రెడ్‌కి పైసా ఖర్చు లేకుండా ఒక మార్కు పెరుగుతుంది. మరీ చల్లబరిస్తే వగరు ముందుకొస్తుంది, చూసుకోండి.

వగరుబాబు
ఖరీదైనది ముసుగులో ఎలా వచ్చింది?

కొత్తగ్లాసు
మొదటి గుక్కలో నాలుగో స్థానం. గ్లాసులో కొంచెం మిగిల్చి గంట తర్వాత మళ్లీ తాగితే మొదటి స్థానం, నాకూ మా బావకీ ఇద్దరికీ. వగరు మెత్తబడింది, మీరు చెప్పిన అంకెలు లెక్కపెడితే పన్నెండు దాకా వెళ్లాను. కానీ రెండో స్థానంలో వచ్చింది క్రియాంసా, దాని ధర సగానికంటే తక్కువ. ఆ తేడాకి ఒక మార్కే తేడా. నేనైతే రోజూ క్రియాంసానే కొంటాను.

బిరడాపక్షం
నేను ముందే చెప్పాను అని అనను.

మూడోగుక్క
అనేశారు.

లెక్కలపిచ్చి
మా పద్ధతిలో ఇంకో పరీక్ష మిగిలింది. క్రియాంసా, ఖరీదైనది, ఈ రెండే తీసుకోండి. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే వైన్. వేరేదాన్ని పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. ఆరుసార్లు చేసి నాలుగుసార్లు పట్టుకుంటే సంతోషపడకండి, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం పది శాతం ఉంది. ఐదు పట్టుకుంటే రెండు శాతం లోపే, అప్పుడు మీకు తేడా నిజంగా తెలుస్తోందనుకోవచ్చు. తేడానే తెలియనప్పుడు ఎక్కువ కట్టడం దేనికి?

పుల్లటినిజం
ఆరుసార్లు మూడు గ్లాసులంటే పద్దెనిమిది. బకెట్ పెద్దది తీసుకోమనండి.

సాయంత్రం_ఆరు
ఇంతకీ ఏ సీసా ముందు అడుగంటింది? ఆ సంగతి ఎవరూ అడగరేం.

కొత్తగ్లాసు
అడుగుతారేమోనని భయపడుతూనే ఉన్నాను. చవకది. మా బావ రెండుసార్లు పోసుకున్నాడు. ముసుగు తీశాక కూడా.

సాయంత్రం_ఆరు
నా పదేళ్లు వృథా కాలేదు.

కొత్తగ్లాసు
మిగిలిన నాలుగూ సగం సగం ఉన్నాయి. ఎన్నాళ్లు ఉంటాయి?

పీపాలోపల
చిన్న సీసాల్లోకి అంచుదాకా పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఖాళీ చోటు ఎంత తక్కువుంటే గాలి అంత తక్కువ. మూడు నాలుగు రోజులు బాగానే ఉంటాయి. క్రియాంసా మర్నాడు ఇంకా బాగుండొచ్చు, చూసి చెప్పండి.

కొత్తగ్లాసు
చెబుతాను. ఇంకో చిన్న ప్రశ్న, మేజోడు మీద పడ్డ రెడ్ వైన్ మరక ఎలా పోతుంది? మా అక్కవి. తెల్లవి.

మూడోగుక్క
రెండోదాన్ని కూడా ముంచండి.

తలనొప్పిరాయుడు
ముంచేది చవకదాంట్లోనే కదా?